అస్సే చేసినవాడు

ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలోని మా ప్రయోగశాలలో ఒక పెద్ద రిజిస్టరు ఉండేది. తోలు అట్ట, ఒక చేత్తో ఎత్తలేనంత బరువు. ప్రతి పుటలోనూ చివరి నిలువు వరుసకు పైన తెల్లవాళ్ళ కాలంలో అచ్చయిన రెండు మాటలు ఉండేవి: ‘అస్సేడ్ బై’. పరీక్షించినవారు అని అర్థం. ఆ వరుసలో చాలా ఏళ్ళపాటు నా పొడి అక్షరాలు పడ్డాయి. వాటిలో ఒక్క సంతకం గురించి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. మీట నొక్కితే అంకె వచ్చే యంత్రాల దగ్గర ఇప్పుడు పని నేర్చుకుంటున్న పిల్లలకు ఇది పనికి రావచ్చు. వస్తుందనడానికి నా దగ్గర రుజువు లేదు.

‘అస్సే’ అన్నది ఇంగ్లీషులో పాతబడిన క్రియ. లోహంలో ఏ ధాతువు ఎంత ఉందో తేల్చడానికి తప్ప దాన్నిప్పుడు ఎవరూ వాడరు. మా రోజుల్లోనే, అంటే యాభైల చివర, అరవైల మొదట, కుర్ర ఇంజనీర్లు ‘టెస్ట్’ అనేవారు. మా పెద్ద కెమిస్టు ఒక్కడే ‘అస్సే’ అనేవాడు. ఆయన ఆంగ్లో ఇండియన్. పైపు నోట్లోంచి తీయకుండానే మాట్లాడేవాడు. నేను చేరిన మొదటి వారంలోనే ఆ మాట పుట్టుక నాకు వివరించాడు. ‘చెప్పడం’ అనే అర్థమున్న ఇంగ్లీషు మాట అందులో ఉందనీ, లోహం చేత నిజం చెప్పించడమే అస్సే అనీ అన్నాడు. “మనుషులు అబద్ధమాడతారు. లోహానికి అది చేతకాదు,” అని ముగించాడు.

నేను రసాయన శాస్త్రంలో పట్టా పుచ్చుకున్నవాణ్ణి. ఎవరేమన్నా ఆధారం అడగడం నా అలవాటు. పక్క బల్ల దగ్గర పనిచేసే బెంగాలీ మిత్రుడు మా తెలుగు క్వార్టర్ల మధ్య పెరిగినవాడు. మా యాసలోనే నన్ను ఆటపట్టించేవాడు. “ఈ దాదా పెళ్ళిసూపులకి లిట్మస్ కాయితం పట్టుకెళ్ళినాడు. పిల్ల సిగ్గుతో ఎర్రబడింది. యాసిడ్ ఉందీ అని రాసీసుకొని ఎల్లొచ్చీసినాడు,” అనేవాడు. అందరూ నవ్వేవారు, నేను కూడా. అలాంటి నేను పెద్ద కెమిస్టు చెప్పిన ఆ పుట్టుకను మాత్రం ఏ నిఘంటువులోనూ చూడకుండా నమ్మాను. వినడానికి బాగుంది, అంతే. నా తరువాత చేరినవాళ్ళకు కూడా అదే చెప్పాను.

పని సంగతి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో బండి ఇరుసు బేరింగుల కింద తిరిగేది. బేరింగు అంటే ఒక ఇత్తడి పెంకు. దాని లోపలి వైపు వైట్ మెటల్ అనే మెత్తని లోహం పోతపోసేవారు. అందులో ఎక్కువ భాగం సీసం, కొంత తగరం, కొంత ఆంటిమొనీ. తగరం తగ్గితే ఆ పోత నలిగిపోతుంది, ఇరుసు కాగిపోతుంది, దారిలో బండి ఆగిపోతుంది. ఆ లోహాన్ని కరిగించే పెద్ద ఇనప పాత్రను షాపులో అందరూ కుండ అనేవారు. ఒక్కో కరిగింపుకు ఒక్కో నంబరు. ఆ కుండలోంచి పోసిన ప్రతి బేరింగు వీపు మీదా ఆ నంబరు పంచ్‌తో కొట్టేవారు. ఈ నంబరు తరువాత అవసరమవుతుంది.

కుండ దగ్గర మిస్త్రీ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబంలో రెండో తరం మనిషి. అతని తండ్రి కూడా అదే కుండ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. మిస్త్రీకి యాభై దాటాయి. కనుబొమల వెంట్రుకలు ఎప్పుడో మాడిపోయాయి. అందుకని అతని ముఖం ఎప్పుడూ ఏదో విని ఆశ్చర్యపోయినట్టు ఉండేది. కొత్త తగరం వచ్చినప్పుడల్లా ఒక సన్నని బద్ద తీసి, చెవి దగ్గర పెట్టుకొని వంచేవాడు. మొదటిసారి చూసినప్పుడు అడిగాను.

“ఏటి వింటన్నావు మిస్త్రీ?”

“ఏడుపు బాబూ. మంచి తగరం వంచితే ఏడుస్తాది. సీసం కలిసిందనుకోండి, మూగదైపోద్ది.”

అది నిజమే. తగరం వంగేటప్పుడు లోపలి స్ఫటికాలు కదిలి కిరకిరమంటాయి. పుస్తకాల్లో ఉంది. అయినా వదలకుండా అడిగాను: “ఎంత సీసం కలిసిందో చెప్పగలవా?”

“అది మీ పని కదేటి. ఉందా నేదా, అంతవరకే నా సెవి.”

తన చెవికున్న హద్దు అతనికి తెలుసు. నా త్రాసుకున్న హద్దు నాకింకా తెలియదు.

ఆ ఏడు వానాకాలంలో స్టోర్సు నుంచి తగరపు దిమ్మలు మాయమవుతున్నాయన్న పుకారు మొదలైంది. తగరం అమ్ముకోవడం సులువు. ప్రతి బజారులోనూ కళాయి పూసేవాళ్ళున్నారు, వాళ్ళకది రోజూ కావలసిన సరుకు. ఎవరి పేరూ పైకి రాలేదు. ప్రతి కుండ నమూనానూ ప్రయోగశాల మనిషే స్వయంగా తీయాలని మాత్రం ఉత్తర్వు వచ్చింది. అలా ఆ పని నాకు పడింది. గర్వంగానే పుచ్చుకున్నాను.

తరువాత విశ్వకర్మ పూజ వచ్చింది. ఖరగ్‌పూర్‌లో ఉన్నవాళ్ళకు ఆ రోజు గురించి చెప్పనక్కరలేదు. బయటివాళ్ళ కోసం ఒక్క సంగతి: ఆ పూట పనిముట్లు ముట్టుకోరు. సుత్తులు, పట్టకార్లు, గరిటెలు కడిగి, బొట్లు పెట్టి, విగ్రహం ముందు పేరుస్తారు. విగ్రహాన్ని నీళ్ళలో కలిపేదాకా అవి దేవుడివి. కుండ దగ్గరి పనిముట్లలో ముఖ్యమైనది కలుపుడు కడ్డీ, మనిషి ఎత్తున్న ఇనప కడ్డీ, చివర చిల్లుల రేకు. అది మిస్త్రీ తండ్రి నాటిది.

పూజకు ముందు రోజు మధ్యాహ్నం కొత్త కుండ పెట్టారు. స్టోర్సు నుంచి తగరం తెచ్చారు, సీసం, ఆంటిమొనీ కలిపారు, కరిగించారు. అప్పటికే మా ప్రయోగశాల తోరణాలు కట్టడం కోసం త్వరగా మూతపడింది. నమూనా తీయలేదు కనుక పోత కూడా పోయలేదు. మంట ఆర్పి వదిలేశారు. నిండు కుండ, మందపు గోడలు; పూజ రోజంతా మెల్లగా, చాలా మెల్లగా చల్లారింది. మరునాడు ఉదయమే బేరింగులు కావాలని పైనుంచి ఒత్తిడి వచ్చింది. విగ్రహం కదిలేది సాయంత్రం. కుండ కింద మంట మాత్రం పొద్దున్నే పెట్టారు.

నేను గరిటె పట్టుకొని వెళ్ళేసరికి లోహం కరిగి ఉంది. మిస్త్రీ దూరంగా బల్ల మీద కూర్చొని ఉన్నాడు, నుదుటి మీద పూజ బొట్టు చెదిరి ఉంది.

“కుండ కలుపు మిస్త్రీ. నమూనా తియ్యాలి.”

“కడ్డీ పూజలో ఉంది బాబూ.”

“ఇంకో కడ్డీ లేదా?”

“ఉంటే మాత్తరం. ఠాకూరు బొమ్మ ఇంకా కదల్నేదు. సాయంత్రం నీళ్ళల్లో కలిసినాక కడ్డీ తెస్తాను, కలుపుతాను, అప్పుడు తీసుకోండి. లోహం ఎక్కడికి పోద్ది?”

“నా గరిటె పూజలో లేదు. నేను తీసుకుంటాను.”

“మీ ఇష్టం. కలపని కుండ బాబూ, మళ్ళీ అనకండి. పులుసు కలపకండా వడ్డిస్తే ఒకలికి తేటే, ఒకలికి ముక్కలే.”

“ఇది పులుసు కాదు మిస్త్రీ. కరిగిన లోహం ద్రవం. ద్రవంలో ఎక్కడ తీసినా ఒకటే.”

పక్కనున్న ఫిట్టరెవరో, “సైన్స్ బాబు సెప్పినాక నీకేటి ఎరుకరా,” అంటే మిస్త్రీ చిన్నగా నవ్వాడు.

కుండ పైన తెట్టు పేరుకొని ఉంది. తెట్టు కలిస్తే నమూనా చెడుతుందని పుస్తకం చెప్పింది. పైగా నా మనసులో స్టోర్సు పుకారు ఉంది. పైపైన మంచి లోహం ఉంచి నన్ను మోసగిస్తారేమోనని కూడా అనుమానించాను. అందుకని గరిటెను తెట్టు దాటించి, బాగా లోపలికి దించి, కుండ అడుగు నుంచి తీశాను. ఇంత జాగ్రత్తగా నమూనా తీసినందుకు తిరిగి వస్తూ నన్ను నేనే మెచ్చుకున్నాను.

నా విశ్లేషణకు రెండు రోజులు పట్టింది. నివేదిక రాకుండా పోత పోయరాదని నియమం. నియమం బీరువాలో ఉండేది, వ్యాగన్లు పట్టాల మీద ఉండేవి. ఆ సాయంత్రం విగ్రహం నీళ్ళలో కలిసింది, కడ్డీ కుండ దగ్గరికి తిరిగి వచ్చింది, మిస్త్రీ కలిపాడు, ఫోర్‌మన్ పోయమన్నాడు. నా అంకెలు తేలేసరికి ఆ కుండ బేరింగులు వ్యాగన్ల కిందికి వెళ్ళిపోయాయి.

తగరం ఉండవలసినదానికంటే చాలా తక్కువ వచ్చింది. మళ్ళీ చేశాను. అదే వచ్చింది. రిజిస్టరులో రాసి, చివరి వరుసలో పొడి అక్షరాలు వేశాను. ఆ మధ్యాహ్నానికల్లా మిస్త్రీని పని నుంచి ఆపేశారు. తెచ్చిన దిమ్మల్లో కొన్ని కుండలో వేయకుండా బయటికి పంపాడన్నది అభియోగం. తగరం తక్కువైన ఆ బేరింగులను వెనక్కి రప్పించాలని ఎవరికీ తోచలేదు. నాకు కూడా. దొంగ దొరికాక లోహంతో ఇక పనేమిటి?

విచారణ ఒక అధికారి గదిలో జరిగింది. మా పెద్ద కెమిస్టు నా పక్కన కూర్చున్నాడు. మిస్త్రీ నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. తన వంతు వచ్చినప్పుడు అతను చెప్పినది ఒక్కటే: కుండ కలపలేదు, అడుగు నుంచి తీశారు.

అధికారి నా వైపు తిరిగాడు. “కలపకపోతే తగరం మాయమవుతుందా?”

“మాయం కాదు సార్. ద్రవం అంతటా ఒకటే ఉంటుంది.”

“మీరే స్వయంగా పరీక్షించారా?”

“అస్సే చేసినది నేనే సార్,” అన్నాను. అంతటితో ఊరుకోకుండా, పెద్ద కెమిస్టు పక్కనే ఉన్నాడు కదా అని, “లోహం తానే చెప్పింది. దానికి అబద్ధం చేతకాదు,” అని కలిపాను. ఆయన పైపు తీసి సంతోషంగా తల ఊపాడు. అధికారికి ఆ వాక్యం నచ్చింది. రాసుకున్నాడు.

బయట వరండాలో మిస్త్రీ నా దగ్గరికి వచ్చాడు. తిడతాడని అనుకున్నాను. “మీకు కనపడింది మీరు సెప్పినారు బాబూ. అది అబద్దమని నేననను. ఆ కుండని ముప్పై ఏళ్ళబట్టి సూస్తన్నోణ్ణి, నన్నొక్క ముక్క అడిగినారా ఎవులైనా?” అన్నాడు. నేను వాచీ చూసుకున్నాను.

ఉద్యోగం పోయింది. న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చింది. భార్యాభర్తలు రైల్వే హద్దు బయట, ఖరిదాలో ఒక గది అద్దెకు తీసుకున్నారని విన్నాను. తరువాత అతను కళాయి పూసే పని మొదలుపెట్టాడు. అతనికి తెలిసిన లోహం అదే. వేరే ఏం చేయగలడు? కానీ కార్ఖానాలో అందరూ దాన్ని రుజువుగా తీసుకున్నారు. “సూసినావా, తగరం మూట ఎక్కడ తేలిందో,” అని నవ్వుకున్నారు. ఆ తర్కంలో లోపం నాకు కనబడింది. తప్పని పైకి అనలేదు.

ఇక నా తప్పు ఎలా తెలిసిందో చెబుతాను. ఏడాది చివర, సారాంశం తయారు చేయడానికి రిజిస్టరు తిరగేస్తుంటే ఆ కుండ పుట వచ్చింది. తగరం తక్కువ. దాని పక్క గడిలో, నా దస్తూరీలోనే, ఆంటిమొనీ. అది కూడా తక్కువ. ఆ అంకెను నేనే కనుక్కున్నాను, నేనే రాశాను, కానీ చూడలేదు. చూడవలసింది తగరమని అప్పుడు నా తలలో ఉంది. తగరపు దిమ్మలు కుండలో వేయకపోతే ఆంటిమొనీ పాలు కొంచెం పెరగాలి. తగ్గదు. ఆంటిమొనీని ఏ కళాయివాడూ కొనడు. దాన్ని దొంగిలించేవాడు లేడు.

ఈ వాదానికీ ఒక లోపం ఉందని వెంటనే తోచింది. తయారైన లోహాన్నే తోడి తీసి, బదులు సీసం పోస్తే రెండూ తగ్గుతాయి. కనుక ప్రయోగం చేశాను. చిన్న మూసలో అదే పాళ్ళలో లోహం కరిగించి, మెల్లగా చల్లార్చి, మళ్ళీ కరిగించి, కలపకుండా పైనా అడుగునా నమూనాలు తీశాను. తగరమూ ఆంటిమొనీ కలిసిన స్ఫటికాలు తేలికైనవి, పైకి తేలాయి. అడుగున సీసం మిగిలింది. రెండు నమూనాలు రెండు వేరువేరు లోహాల్లా వచ్చాయి. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. మిస్త్రీ చెప్పిన పులుసు సరిగ్గా అదే.

దీనితో అతను నిర్దోషి అని తేలదు. నా అంకె అతన్ని దోషిగా నిలబెట్టలేదని మాత్రమే తేలుతుంది. అసలు నిజం ఆ కుండ బేరింగుల్లో ఉంది. అవి దేశమంతా తిరుగుతున్నాయి. అరిగిన బేరింగులు మళ్ళీ పోత కోసం షాపుకే వస్తాయి. ఎప్పుడన్నది ఎవరికీ తెలియదు. రోజూ భోజనం వేళ పాత బేరింగుల కుప్ప దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్కటే తిరగేసి, వీపు మీది నంబరు చదివేవాణ్ణి. చేతులు గ్రీజుతో నల్లబడేవి. “దాదా, ఇనప సామాన్లో జాతకం సూస్తన్నావా?” అని బెంగాలీ మిత్రుడు నవ్వేవాడు. కొన్నాళ్ళకు కారణం చెప్పాను. ఆ తరువాత అతనూ వచ్చి తిరగేయసాగాడు, నవ్వడం మాని.

ఆ ఎదురుచూపు కాలంలోనే, ఒక ఆదివారం, రైల్వే ఇన్‌స్టిట్యూటు లైబ్రరీలో పెద్ద నిఘంటువు తీసి ‘అస్సే’ చూశాను. చేరిన మొదటి వారంలో చేయవలసిన పని. ఆ క్రియ లాటిన్‌లో తూచడం అనే అర్థమున్న మాట నుంచి బయలుదేరి, పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరిందట. చెప్పడం అనే మాటతో దానికి ఏ చుట్టరికమూ లేదు. పెద్ద కెమిస్టు చెప్పినది ఎవరో అల్లిన కథ. అంటే విచారణ గదిలో నేను గొప్పగా వాడిన వాక్యానికి ఆధారమే లేదు. మన పిల్లలు బళ్ళో రాసే ‘ఎస్సే’ దీనికి తోబుట్టువు. ఒకప్పుడు దేనికైనా పూనుకొని చూడటాన్ని కూడా అస్సే అనేవారు. ఆ వాడుక పోయింది. చివరగా, ఇంకా పాత అర్థం ఒకటి ఉంది. రాజు భోజనానికి కూర్చున్నప్పుడు, వంటకం ఆయన నోటికి పోకముందు, ఒక సేవకుడు అందులోంచి కొంత తిని చూపేవాడు. విషం లేదని తన ఒంటితోనే తేల్చేవాడు. దాన్ని కూడా అస్సే అనే అనేవారు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. ఆ సేవకుడు నమూనా తీసి ఎక్కడికో పట్టుకుపోలేదు. తప్పు జరిగితే ముందు పోయేది అతనే. నా తప్పుకు నేనేమీ పోగొట్టుకోలేదు. ఆ ఏడు నాకు ఇంక్రిమెంటు కూడా వచ్చింది.

ఏడాది దాటాక, ఒక చలికాలం ఉదయం, ఆ నంబరు బేరింగు దొరికింది. కనిపెట్టింది బెంగాలీ మిత్రుడు. దాన్ని రెండు చేతులా పట్టుకొని వచ్చి నా బల్ల మీద పెట్టాడు. లోపలి పోత ఇంకా కొంత మిగిలి ఉంది. డ్రిల్లుతో రజను తీసి, సగం నేనుంచుకొని, సగం వేరే పొట్లం కట్టి ఏ కుండదో చెప్పకుండా ఇంకొకరికి ఇచ్చాను. ఇద్దరి అంకెలూ కలిశాయి. తగరం ఉండవలసినంత ఉంది. ఆంటిమొనీ కూడా ఉంది. దిమ్మలన్నీ కుండలోనే పడ్డాయి.

అప్పటికి పాత పెద్ద కెమిస్టు వెళ్ళిపోయాడు. కొత్తాయన నా కాగితాలు రెండుసార్లు చదివాడు.

“మీ నివేదికను మీరే కాదంటున్నారు.”

“అవునండి.”

“అందులో తప్పుంటే మీ మీదికి వస్తుంది. తెలుసా?”

“తెలుసండి.”

“అయితే ఆ మనిషి చేత అర్జీ పెట్టించండి. అతను అడగందే నేనేమీ కదపలేను.”

ఫలితం ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు. ఆ అర్జీ నెగ్గింది. తొలగింపు ఉత్తర్వు రద్దయింది. రద్దయిందన్న కాగితం వచ్చేనాటికి మిస్త్రీ లేడు. ఆ ఎండాకాలం జ్వరంతో పోయాడు. రావలసిన డబ్బులు అతని భార్యకు వచ్చాయి. నాకు ఒక హెచ్చరిక కాగితం, ప్రమోషనులో కొన్నేళ్ళ ఆలస్యం వచ్చాయి. అది న్యాయమే. కానీ నేను ఇన్ని పుటలు రాసింది వీటి కోసం కాదు. అర్జీ మీద సంతకం కోసం ఖరిదా వెళ్ళిన మధ్యాహ్నం కోసం.

సందు చివర గది. ముందు చిన్న అరుగు, దాని మీద కొలిమి, తోలుతిత్తి, నవాసారం పొట్లం. కొలిమి చల్లగా ఉంది. కళాయికి వచ్చిన గిన్నె ఒక్కటి కూడా లేదు. మిస్త్రీ గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి, పీట వాల్చాడు.

నేను వచ్చిన పని చెప్పాను. పూజ మరునాటి కుండ, అడుగు నమూనా, ఆంటిమొనీ, బేరింగు, అన్నీ వరసగా, ఏదీ విడవకుండా. అతను తల వంచుకొని విన్నాడు. మధ్యలో, “అయితే పులుసేనంటారు,” అన్నాడు.

“పులుసే మిస్త్రీ. తప్పు నాదే.”

లోపలి నుంచి అతని భార్య వచ్చి గడప దగ్గర నిలబడింది. ఆమె నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. “ఇప్పుడొచ్చినారా బాబూ. రెండు నెలల్నించి గిన్నెలు నేవు. ముందర్లో సాలువా వైపు ఊళ్ళ నుంచి పెళ్ళి గుండిగలు కూడా వచ్చేవి. తగరంలో సీసం కలిపే మనిషని పుకారు లేసింది. ఈ కళాయి గిన్నెలో వండుకుంటే పిల్లలు పోతారంట. ఎవులు సెప్పినారంటే, రైల్వే కాయితంలోనే ఉందంట,” అంది.

కాగితంలో అలా లేదు. తగరం తక్కువ, సీసం ఎక్కువ అని ఉంది. ఆ రాసినది ఎవరో ఆమెకు తెలుసు.

“ఊరుకోయే,” అన్నాడు మిస్త్రీ. “బాబు ఇంత దూరం ఒచ్చినారు. పులుసు ఉంది కదా, అదే పొయ్యి. మన గిన్నెలో పొయ్యి.”

ఆమె ఒక ఇత్తడి గిన్నె తెచ్చింది. లోపల కొత్త కళాయి, అద్దంలా మెరుస్తోంది. చింతపండు పులుసు గరిటెతో అడుగు దాకా కలిపి, గిన్నె నిండా పోసి నా చేతికిచ్చింది. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. సందులో ఎదురింటి ఆడవాళ్ళు ఇద్దరు గుమ్మాల్లోకి వచ్చారు.

ఆ క్షణంలో జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను. ఆ మనిషి దిమ్మలు దొంగిలించలేదని రుజువు తెచ్చినవాణ్ణి నేనే. కానీ ఈ కళాయిలో ఏముందో నేను చూడలేదు. చింతపండు పులుపు సీసాన్ని కరిగిస్తుంది. ఎంతసేపు నిలవ ఉంది? తగరం ఎక్కడ కొన్నాడు? కొంచెం గీకి ప్రయోగశాలకు తీసుకెళ్తే? ఇవన్నీ నా తలలోంచి వరసగా పోయాయి. నేను పిలవలేదు, వాటంతట అవే వచ్చాయి. నా చెయ్యి గిన్నెతో సహా గుండె ఎత్తున ఆగిపోయింది. ఎక్కువసేపు కాదు. ఒక శ్వాస పీల్చి వదిలేంత.

అతను చూశాడు.

ముందుకు వంగి, నా చేతిలోంచి గిన్నె మెల్లగా తీసుకున్నాడు. మొదట తను తాగాడు, నాలుగు గుక్కలు, గొంతు కదలడం నాకు కనబడేలా. గిన్నె అంచు పంచె కొంగుతో తుడిచాడు. కొంచెంసేపు నా ముందు అలాగే కూర్చున్నాడు, ఏమీ కాలేదని చూపిస్తున్నట్టు. తరువాత మిగిలింది నా వైపు చాచాడు.

“ఇప్పుడు తాగండి బాబూ.”

తాగాను. అంతా తాగాను. పులుపూ ఉప్పూ సరిగ్గా ఉన్నాయి. ఎదురింటి ఆడవాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు. వాళ్ళు చూసింది నేను తాగడమా, ముందు ఆగిపోవడమా, నాకు తెలియదు. గిన్నెలు మళ్ళీ రాలేదని మాత్రం తరువాత విన్నాను.

అర్జీ తీసి ఇచ్చాను. అతను తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఒత్తి సంతకం పెట్టాడు. నాకు తిరిగి ఇస్తూ, “ఓపాలి సదువుకోండి. అంతా సరిగ్గా ఉందో నేదో,” అన్నాడు. ఎగతాళి ఏమీ లేదు, మామూలుగానే అన్నాడు.

నేను చదవలేదు. మడిచి జేబులో పెట్టుకొని, సైకిలెక్కి వచ్చేశాను.